ముప్పై ఎనిమిది యూనిట్లు

నర్సమ్మ ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. చదువుతున్నది నర్సింగు రెండో ఏడే గానీ, ఆమె పరీక్షలు పాసయ్యేదాకా ఆగే ఓపిక లేక వీధిలోవాళ్లు అప్పుడే నర్సమ్మను చేసేశారు. కాలేజీ దగ్గరని బాబాయి ఇంట్లో ఉంటోంది. బాబాయి దర్జీ. ముందుగదిలో కుట్టుమిషను, బట్ట కత్తిరించే పొడుగాటి బల్ల. దాని వెనక, కుట్టిన బట్టలు తొడుక్కుని చూసుకోవడానికి తెర కట్టిన ఒక ఇరుకు గది. ఆ వెనక కాపురం. పిల్లలు లేని ఆ కాపురంలో నర్సమ్మ మాట వేదవాక్కు. పిన్ని అయితే కూరలో ఉప్పు వేసేముందు కూడా ఒకసారి ఆమె మొహం చూసేది.

ఆ ఏడు కాలేజీలో ప్రతివాళ్లకూ ఒక పని అప్పగించారు. ఇన్సులిన్ వాడే రోగిని ఒకరిని ఎంచుకుని, ఆరు వారాలు గమనించి, రికార్డు పుస్తకం రాయాలి. ఏ మందు, ఎన్ని యూనిట్లు, ఏ వేళకు, ఏం తిన్నారు, రక్తంలో చక్కెర ఎంత ఉంది, సూది ఎలా వేసుకుంటున్నారు అంటూ పేజీ నిండా గళ్లు. మిగతా పిల్లలు రోగుల కోసం ఆసుపత్రి మెట్లు ఎక్కి దిగుతుంటే నర్సమ్మకు రోగి ఇంట్లోనే దొరికాడు. బాబాయికి ఆరేళ్లుగా షుగరు. నాలుగేళ్లు మాత్రలతో నెట్టుకొచ్చాక డాక్టరు ఇన్సులిన్ మొదలుపెట్టి రెండేళ్లయింది. ఉదయం ఫలహారానికి అరగంట ముందు ఇరవై నాలుగు యూనిట్లు, సాయంత్రం పద్నాలుగు. సూది బాబాయే వేసుకుంటాడు. మందు సిరంజిలోకి ఎక్కించుకుని తెర గదిలోకి వెళతాడు, తెర లాక్కుంటాడు, రెండు నిమిషాల్లో చొక్కా సర్దుకుంటూ బయటికి వస్తాడు.

"సూదితో బతికేవాణ్ణి. సూదికి భయపడతానా తల్లీ," అనేవాడు.

మొదటిరోజు నర్సమ్మ పక్కనే నిలబడి అంతా చూసింది. సీసాను గిలక్కొట్టకుండా రెండు అరచేతుల మధ్య పెట్టి నెమ్మదిగా దొర్లించాడు. ఇరవై నాలుగో గీత దగ్గర మందు ఆపి, కళ్లజోడు పైకి తోసుకుని మళ్లీ చూశాడు. గాలిబుడగ ఉంటే గోటితో తట్టి పోగొట్టాడు. కాలేజీలో తన తోటి పిల్లలే అంత శుభ్రంగా చేయరు. అతను తెర గదిలోకి వెళుతుంటే వెనక నుంచి అడిగింది.

"రోజూ ఒకేచోట వేసుకోకూడదు బాబాయ్. చోటు మారుస్తున్నావా?"

"మారుస్తున్నానమ్మా. రోజూ మారుస్తూనే ఉన్నా."

"సూది వేసే చోటు పరిశీలించితిరా" అన్న గడిలో నర్సమ్మ టిక్కు పెట్టేసింది. చెప్పాడు కదా, ఇంకా తెర ఎత్తి చూడటమెందుకు. పైగా చిన్నప్పుడు తనను ఎత్తుకుని ఆడించినవాణ్ణి చొక్కా ఎత్తు అనడానికి మొహమాటం. ఆ టిక్కు వేయడానికి ఆమెకు అర నిమిషం కూడా పట్టలేదు.

వచ్చిన చిక్కు లెక్కలతో వచ్చింది. పరగడుపున రెండు వందల నలభై. భోజనమయ్యాక మూడు వందల పది. మర్నాడు కొంచెం తగ్గింది, ఆ మర్నాడు మళ్లీ పైకి. నర్సమ్మ పాఠ్యపుస్తకం ముందు పెట్టుకుని ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చింది. సీసా మీద గడువు తేదీ దాటలేదు. సీసా ఫ్రిజ్ తలుపులో ఉంది, మంచుకు తగలడం లేదు. సిరంజి ఆ సీసాకు తగినదే. ఇన్సులిన్‌తో పాటు వేసుకునే మాత్రలు వేళ తప్పడం లేదు. మందు సరిగ్గా ఉంది, కొలత సరిగ్గా ఉంది, వేళ సరిగ్గా ఉంది. ఇక మిగిలింది బాబాయి నోరు.

ఆ రోజు బాబాయి బజారుకు వెళ్లినప్పుడు పిన్నిని వంటింట్లో పట్టుకుంది.

"పిన్నీ, నిజం చెప్పు. బాబాయికి తీపి ఏమైనా పెడుతున్నావా?"

"నేనా? నా చేత్తో నేను విషం పెట్టుకుంటానా?"

"మరి ఇంత షుగరు ఎక్కణ్ణుంచి వస్తోంది? ఊరికే రాదుగా."

పిన్ని గరిటె పక్కన పెట్టింది. "అయితే బయట తింటున్నారంటావా," అంది. అది ప్రశ్నలా అడగలేదు.

అంతే. అనుమానం పెనుభూతం అని పెద్దలు ఊరికే అనలేదు. చదువుకోనివాళ్ల అనుమానం రెండు రోజులు గొణిగి ఊరుకుంటుంది. చదువుకున్నవాళ్లు దానికి గళ్లు గీసి, తేదీలు వేసి, రోజుకు మూడుసార్లు నింపుతారు. నర్సమ్మ అదే చేసింది. భోజనాల దగ్గర బాబాయి ఎదురుగా కూర్చుని ముద్దలు లెక్కపెట్టింది. కొట్టులో చెత్తబుట్ట తిరగేసి చూసింది. పీలికలు, తెగిన దారాలు, అరిగిపోయిన సుద్దముక్కలు తప్ప ఏమీ దొరకలేదు. దొరకకపోవడం కూడా ఆమెకు ఒక ఆధారంగానే తోచింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు మరి.

బాబాయికి విషయం తెలియకపోలేదు. ఒకరోజు ఆమె షుగరు చూసే మీటరు పట్టుకుని దగ్గరికి రాగానే, వేలు చాపుతూ, "నేనేం తినలేదమ్మా," అన్నాడు.

"నేనేమీ అడగలేదుగా బాబాయ్."

అడగకముందే ఎందుకు చెప్పినట్టు? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది, అనుకుంది నర్సమ్మ. మీటరు రెండు వందల అరవై ఎనిమిది చూపించింది. ఆమె ఆ అంకె బాబాయి మొహానికి ఎదురుగా పట్టుకుని, ఏమీ అనకుండా పుస్తకంలో రాసుకుంది. ఏమీ అనకపోవడం తన మంచితనమని ఆమె నమ్మకం.

రెండో వారంలో డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్లింది. బయట వరండాలో అరవైమంది ఉన్నారు. లోపల డాక్టరు తల ఎత్తేలోపు నర్సమ్మ తన పట్టిక బల్ల మీద పరిచి, గొంతు తగ్గించి, "ఆహార నియమం పాటించడం లేదనిపిస్తోంది సార్," అంది. గొంతు తగ్గించినా, మూడడుగుల దూరంలో కూర్చున్న బాబాయికి వినపడింది. డాక్టరు పట్టిక చూసి, "బాగా రాశావు," అని మెచ్చుకుని, ఉదయం మందు ముప్పైకి పెంచాడు. "నోరు కట్టుకోవాలి పెద్దాయనా," అన్నాడు బాబాయితో. బాబాయి ఏదో చెప్పబోయి ఊరుకున్నాడు.

ఇంటికి రాగానే పిన్ని పంచదార డబ్బా, తేనె సీసా, బిస్కెట్ల పొట్లాలు, చివరికి తను టీలో వేసుకునే నాలుగు చెంచాల పంచదార కూడా సంచిలో వేసి పక్కింటివాళ్లకు ఇచ్చేసింది. నర్సమ్మే దగ్గరుండి మూతలు తీసి చూసింది. షుగరు పడిపోతే వెంటనే ఇవ్వడానికి ఇంట్లో పంచదార చేతికందేలా ఉంచుకోవాలని ఆమె పరీక్షలో రాసి పదికి పది తెచ్చుకుంది. కానీ షుగరు మూడు వందలున్న మనిషికి పడిపోవడమేమిటని ఆ సంగతి ఆమెకు తట్టనే లేదు. పాఠం వచ్చినవాళ్లకు కూడా పాఠం అవసరమైన వేళకు గుర్తురాదు.

ఇంట్లో తీపి గింజ లేకపోయినా మీటరు దిగలేదు. ఇక అనుమానం వీధిలోకి నడిచింది. కొట్టుకు ఎదురుగానే టీ కొట్టు. రోజూ పదకొండు గంటలకు బాబాయి అక్కడికి వెళ్లి ఒక టీ తాగి, రెండు ఉప్పు బిస్కెట్లు తిని వస్తాడు. పంచదార లేని టీ అని అతను చెప్పే మాటే తప్ప ఎవరు చూశారు? నర్సమ్మ నేరుగా వెళ్లి టీ కొట్టు పెద్దాయనను అడిగింది.

"మామయ్యా, మా బాబాయి టీలో పంచదార ఎన్ని చెంచాలు వేస్తున్నావు?"

పెద్దాయన గ్లాసులు కడుగుతున్నవాడు ఆగాడు. "ఆరేళ్లుగా వేయడం లేదు నర్సమ్మా."

"నీకు బేరం పోతుందని నాతో అలా చెప్పడం లేదు కదా?"

"నా బేరం సంగతి సరే," అన్నాడాయన. "మనిషికి మందు పెట్టే చదువు చదువుతున్నావు. మనిషి మాట కూడా కాస్త వినడం నేర్చుకో తల్లీ."

పిల్లికి ఎలుక సాక్ష్యం అనుకుంటూ నర్సమ్మ వెనక్కి వచ్చేసింది. ఆ సాయంత్రం నుంచి పిన్ని ఆ టీ కూడా మాన్పించింది. బిస్కెట్లూ పోయాయి. బాబాయి పదకొండయ్యేసరికి గుమ్మం దాకా వెళ్లి, ఎదురు కొట్టు వంక ఒకసారి చూసి, మళ్లీ మిషను దగ్గరికి వచ్చి కూర్చునేవాడు. టీ కొట్టు పెద్దాయన అటునుంచి చెయ్యి ఎత్తితే ఇతనూ ఎత్తేవాడు.

నాలుగో వారం మొదట్లో ఒక సంగతి జరిగింది. పిన్ని, స్నానానికి వెళ్లిన మొగుడి చొక్కా జేబులు తడుముతోంది. తువ్వాలు మరిచిపోయిన బాబాయి వెనక్కి వచ్చాడు. గుమ్మంలో నిలబడిపోయాడు. పిన్ని చెయ్యి జేబులోనే ఉంది.

"నువ్వు కూడానా?" అన్నాడు.

పిన్ని ఉతకడానికి చూస్తున్నానంది. బాబాయి తువ్వాలు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజునుంచి ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాల మధ్య మాటలు అవసరానికి మించి ఒక్కటి కూడా పెరగలేదు. నర్సమ్మకు కొంచెం బాధ కలిగింది. అయినా బాబాయి ప్రాణం కోసమే కదా ఇదంతా, నిజం బయటపడితే అన్నీ సర్దుకుంటాయి అనుకుని మనసుకు సర్ది చెప్పుకుంది.

అదే వారం డాక్టరు ఉదయం మందును ముప్పై ఎనిమిది చేశాడు. అయినా మీటరు రెండు వందల యాభైకి తగ్గనంది. తినడానికి తీపి ఇంట్లో లేదు, వీధిలో లేదు. మరేమిటి? నర్సమ్మకు ఒక సాయంత్రం తెర గదిలో సమాధానం దొరికింది. బాబాయి సూది వేసుకుని బయటికి రాగానే ఏదో వెతికే మిషతో ఆమె లోపలికి వెళ్లింది. గదిలో ఇన్సులిన్ వాసన, ఆసుపత్రి వార్డులో వచ్చే ఆ ఘాటైన మందు వాసన, గుప్పుమంది. ఒక బొట్టు కిందపడితే చాలు అలా వస్తుందని ఆమెకు తెలుసు. సందు వదలకుండా వంగి వెతికితే కుర్చీ అంచు మీద తడి కూడా కనిపించింది.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. సూది వేసుకోవడం లేదు. పిచికారీ కొట్టేస్తున్నాడు. తిండి కాదు, మందే మానేశాడు! అందుకే తెర, అందుకే రెండు నిమిషాలు. అబద్ధం చెప్పడమే కాకుండా ఇన్నాళ్లూ అందరి చెవుల్లో పువ్వులు పెట్టాడు.

పిన్నికి చెబితే ఆమె తెల్లబోయింది. "మందు పారబోస్తున్నారా? ఎందుకు?"

"కొందరికి విసుగు పుడుతుంది పిన్నీ. మాకు పాఠంలో ఉంది. రేపటినుంచి నేనే వేస్తాను."

మర్నాడు ఉదయం ఎనిమిదికి నర్సమ్మ చేతులు కడుక్కుని, సీసా దొర్లించి, ముప్పై ఎనిమిదో గీత దాకా మందు ఎక్కించింది. బాబాయి చెయ్యి చాపాడు, సిరంజి ఇమ్మని.

"ఇవాళ నేను వేస్తా బాబాయ్. చొక్కా ఎత్తు."

బాబాయి ఆమె మొహంలోకి చూశాడు. నెల రోజుల్లో అతను నేర్చుకున్నది ఆ మొహం చదవడమే. "వేసుకోవడం లేదనుకుంటున్నావా?"

"అలా అనలేదు."

"ఆడపిల్లవి, పొట్ట మీద ఎందుకులే," అని చొక్కా చేతిని భుజం దాకా మడిచి ఇటు తిరిగాడు. నర్సమ్మ భుజం కింద వెనకవైపు కండ కాస్త పట్టుకుని, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టుగా సూది దింపి, పది అంకెలు లెక్కపెట్టి తీసింది. ఒక్క బొట్టు బయటికి రాలేదు. ఇది కదా వేయడమంటే, అనుకుంది. ఎనిమిదిన్నరకు పిన్ని పెట్టిన ఫలహారం బాబాయి సగమే తిని లేచాడు. ఇదివరకైతే పిన్ని ఊరుకునేది కాదు. ఇప్పుడు తక్కువ తింటే మంచిదేగా అన్నట్టు పళ్లెం తీసేసింది.

పదకొండు దాటి పది నిమిషాలైంది. నర్సమ్మకు ఆ రోజు కాలేజీ లేదు. కొట్టులో మూల కూర్చుని రికార్డు రాస్తోంది. "రోగి మందు తీసుకుంటున్నట్టు అబద్ధం చెబుతున్నారు" అన్న వాక్యం సగంలో ఉంది. బాబాయి బల్ల దగ్గర ఎవరిదో కోటు బట్ట కత్తిరిస్తున్నాడు.

"ఆ కిటికీ మూయమన్నానా? ఎవరు తెరిచారు?" అని ఉన్నట్టుండి అరిచాడు. కిటికీ మూసే ఉంది. బాబాయి ఎప్పుడూ అరిచే మనిషి కాదు.

నర్సమ్మ తల ఎత్తలేదు. దొంగతనం బయటపడింది కదా, ఇక కోపం నటిస్తున్నాడు అనుకుంది. అలా అనుకోవడానికి రెండు మూడు నిమిషాలు పోయాయి. ఆ రెండు మూడు నిమిషాలను తర్వాత ఆమె చాలా ఏళ్లు లెక్కపెట్టుకుంది.

కత్తెర చప్పుడు ఆగకుండా వస్తోంది. ఆ చప్పుడు మరీ పొడుగ్గా ఉందనిపించి చూసింది. సుద్దతో గీసిన గీత ఒకవైపు ఉంది, కత్తెర ఇంకోవైపు పోతోంది. కోటు వీపు మధ్యలోనుంచి, చేతి ముక్కలోకి, అక్కణ్ణుంచి బట్ట అంచుదాకా. ముప్పై ఏళ్లలో ఒక్క బట్ట తప్పు కత్తిరించని మనిషి. చొక్కా వీపుకు అంటుకుపోయింది. గడ్డం మీదనుంచి చెమట బొట్లు బట్ట మీద పడుతున్నాయి. చేతులు వణుకుతున్నాయి.

"బాబాయ్," అంది.

అతను ఆమెవైపు చూసి, "ఎవరు కావాలమ్మా? కొలతలు రేపు తీసుకుంటాను," అన్నాడు.

నర్సమ్మ పెన్ను పారేసి లేచింది. కత్తెర లాక్కుని, అతన్ని కింద కూర్చోబెట్టి, వేలు పొడిచింది. మీటరు నలభై ఆరు చూపింది. నెల రోజులుగా దిగమని తను ఎదురుచూసిన అంకె అంతా దిగింది, ఇంకా దిగుతోంది.

"పిన్నీ, పంచదార! తొందరగా!"

పిన్ని వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. "ఇంట్లో ఎక్కడుంది? నువ్వే కదా..." అని ఆగి, అలమర దగ్గరికి పరుగెత్తింది. డబ్బాల మూతలు ఒక్కొక్కటే నేలమీద పడుతున్న చప్పుడు వినిపించింది. కారం, ఉప్పు, పప్పులు. పక్కింటికి తాళం. నర్సమ్మ గుమ్మంలోకి వచ్చి వీధికి అడ్డంగా, "మామయ్యా, పంచదార!" అని అరిచింది. గొంతు ఆమెదిలా లేదు.

టీ కొట్టు పెద్దాయన ఏమిటి, ఎందుకు అని అడగలేదు. డబ్బా, గ్లాసు, చెంచా మూడూ పట్టుకుని చెప్పులు లేకుండా వీధి దాటాడు.

"ఎన్ని చెంచాలు?"

"మూడు."

పెద్దాయన నాలుగు వేశాడు. బాబాయికి ఇంకా మింగే తెలివి ఉంది. నర్సమ్మ తల పట్టుకుంది, పెద్దాయన గ్లాసు పట్టుకున్నాడు, పిన్ని కాళ్ల దగ్గర కూర్చుని పాదాలు పట్టుకుంది. గుక్క గుక్కగా తాగించారు. పావుగంట తర్వాత డెబ్భై ఒకటి. ఇంకో గ్లాసు, ఆ తర్వాత కాస్త తిండి. పిన్ని పెదవులు కదుపుతూ ఏదో లెక్కపెడుతూనే ఉంది, మీటరు తొంభై దాటాక ఏడ్చింది.

చెమటకు తడిసిన చొక్కా మార్చాలని నర్సమ్మ గుండీలు విప్పింది. అప్పుడు చూసింది. బొడ్డుకు అటూ ఇటూ, రెండు పెద్ద నిమ్మకాయలంత ఉబ్బులు. వేళ్లతో నొక్కితే రబ్బరులా గట్టిగా ఉన్నాయి. ఆ ఉబ్బుల మీద సూది గుర్తులు చిన్న చిన్న చుక్కలుగా, దర్జీ చేతి కుట్టంత తీరుగా వరసలు కట్టి ఉన్నాయి. ముద్దలు లెక్కపెట్టింది, చెత్తబుట్ట చూసింది, జేబులు తడిమేదాకా తెచ్చింది, కుర్చీ అంచు చూసింది. చూడాల్సిన జానెడు చోటు మాత్రం చూడలేదు.

"ఇదేమిటి బాబాయ్?"

"అదా," అన్నాడు అతను, ఇంకా నీరసంగానే. "అక్కడ నొప్పి తెలీదమ్మా. అందుకే."

సాయంత్రం డాక్టరు ఆ ఉబ్బులను నొక్కి చూసి కుర్చీలో వెనక్కి వాలాడు. "ఒకేచోట పొడిచి పొడిచి కొవ్వు గడ్డకట్టింది. ఇందులో వేసిన మందు ఒక రోజు ఒంట్లోకి పోతుంది, ఒక రోజు పోదు. కొంత బయటికే కారిపోతుంది. మనం తిండి వల్ల అనుకుని మందు పెంచుకుంటూ పోయాం. ఇవాళ మంచిచోట వేసేసరికి ముప్పై ఎనిమిదీ ఒక్కసారిగా పనిచేశాయి." పట్టిక పక్కకు జరిపి, "పెంచేముందు నేను చొక్కా ఎత్తి చూడాల్సింది," అన్నాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. డాక్టరు తన పిడికెడు తను తీసుకున్నాడు, అది ఆయన గొప్పతనం. ఉదయం మందు ఇరవైకి తగ్గించి, గడ్డల జోలికి పోవద్దనీ, తొడలకూ చేతులకూ మార్చి మార్చి వేయాలనీ రాసిచ్చాడు.

"మరి చోటు మారుస్తున్నానన్నారట?" అని అడిగాడు.

"మార్చాను సార్. రోజూ అర అంగుళం జరిపాను," అన్నాడు బాబాయి. "అర అంగుళం తేడా వస్తే నా పనిలో కోటే పాడైపోతుంది. చాలా దూరమే అనుకున్నాను."

డాక్టరు నవ్వబోయి మానుకున్నాడు. "ఇంత గడ్డకట్టేదాకా ఒక్కసారి చెప్పలేకపోయారా?"

"చెబుదామని నోరు తెరిస్తే చాలు సార్, ఏం తిన్నావని అడిగారు. చొక్కా ఎత్తమని ఎవరూ అడగలేదు."

నర్సమ్మ తన పట్టికను బల్ల మీదనుంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. ఏడుపు వచ్చింది గానీ, ఏడిస్తే బాబాయి తననే ఓదార్చాల్సి వస్తుందని దిగమింగింది.

మర్నాడు ఉదయం, పాడైన కోటు బట్టకు బదులు తెప్పించిన కొత్త బట్ట మీద బాబాయి సుద్దతో గీతలు గీస్తున్నాడు. పిన్ని వెనక వంటింట్లో గిన్నెలు తోముతోంది. నర్సమ్మ రికార్డు పుస్తకం పట్టుకుని అతని ఎదుట నిలబడింది. ఆ సగం వాక్యం కొట్టేసి, దాని కింద మొదటిరోజు చూడకుండా పెట్టిన టిక్కు గురించి తేదీ వేసి రాసింది. రికార్డు దిద్దే ట్యూటరు మార్కులు తీసేస్తే తీసేయనీ అనుకుంది. అదంతా అతనికి చదివి వినిపించింది.

"తప్పు నాది బాబాయ్. నిన్ను చంపేసి ఉండేదాన్ని," అంది.

బాబాయి సుద్ద పక్కన పెట్టాడు. ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"నీ మీద నాకేం కోపం లేదు తల్లీ. నువ్వింకా చదువుకుంటున్నావు. తప్పు చేస్తావు, దిద్దుకుంటావు." వంటింటి వైపు చూడకుండానే, అదే గొంతుతో, "మీ పిన్ని చదువుకోవడం లేదుగా. ఇరవై ఆరేళ్లు కాపురం చేసింది," అన్నాడు.

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

పిన్ని తడి చేతులతోనే వచ్చి తెర పక్కన నిలబడింది. చేతులనుంచి నీళ్లు నేల మీద కారుతున్నాయి.

"నమ్మాల్సింది," అంది చివరికి.

బాబాయి సుద్ద చేతిలోకి తీసుకుని, మిగిలిన గీత గీయడం మొదలుపెట్టాడు. పిన్ని అక్కడే నిలబడి ఉంది. అతను తల ఎత్తలేదు.